రెండు రూపాయల మేకు

ఎందుకు? ఎలా? : హెడ్మాష్టరు గారి పేజీ



క్రిందటి సంవత్సరం వానలు వెలిసిన రోజుల్లో మా వీధిలో ఒక తగవు వచ్చింది. దాన్ని తీర్చడానికి నన్ను పిలిచారు. ముప్ఫయి నాలుగేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, తగవులు తీర్చడం నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు నేను చెప్పిన తీర్పు తప్పు. ఆ తప్పును దిద్దినవాడు తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు. అతను దాన్ని ఎలా దిద్దాడో చెప్పడానికే ఈ నెల ఈ పేజీ.

మా ఊరు తూంకుంట. సికింద్రాబాదు నుంచి కరీంనగరం వెళ్ళే రాజీవ్ రహదారి మీద, అల్వాలు, హకీంపేట దాటాక, శామీర్‌పేటకు ముందు వస్తుంది. హకీంపేటలో వైమానిక దళం వారి విమానాశ్రయం ఉన్నది కాబట్టి మా పిల్లలకు విమానాల చప్పుడు కొత్త కాదు. ఒకప్పుడు పొలాలు ఉన్నచోట ఇప్పుడు ఇళ్ళూ, గోదాములూ లేచాయి. మా కుర్రవాడి తండ్రి అటువంటి ఒక గోదాములోనే సరుకుల లెక్క రాస్తాడు. తల్లి ఇంటివద్ద బట్టలు కుడుతుంది. ఇంట్లో ముసలి నాయనమ్మ ఉన్నది. ఇంటిల్లిపాదికీ ఒకటే స్మార్టుఫోను. నాలుగేళ్ళ క్రిందట ఏడువేల రూపాయలకు కొన్నది. పగలు అది తండ్రి జేబులో ఉంటుంది, సాయంకాలం కొడుకు దానిలో లెక్కల పాఠాలు చూస్తాడు.

కొంతకాలంగా ఆ ఫోను మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి ఆరిపోతున్నది. ఒకనాడు నాయనమ్మ నీళ్ళగది దగ్గర జారిపడింది. కోడలు పక్కింటివారి ఫోను తీసుకుని పెనిమిటికి ఎన్నిసార్లు చేసినా అందలేదు. సాయంకాలం ఏడు గంటలకు అతను ఇంటికి వచ్చేదాకా సంగతే తెలియదు. దెబ్బ పెద్దది కాదు గాని, ఆ మనిషి మనస్సు కలత పడింది. కొడుకు రెక్క పట్టుకుని మా ఇంటికి తీసుకువచ్చాడు.

"సార్, ఈని చేతిల ఫోన్ పెట్టుడే నాది తప్పయింది. రాత్రంత ఏదో చూస్తడు. పొద్దుగాల ముట్టుకుంటె వేడిగ ఉంటది. పగటీలికి సచ్చిపోతున్నది. మీరే చెప్పుండ్రి" అన్నాడు.

"నేను చూస్తలేను సార్" అన్నాడు కుర్రవాడు. అంతే. మరొక మాట అనలేదు.

నేనేం చేశానో తెలుసునా? కళ్ళజోడు సవరించుకుని, రాత్రిళ్ళు మేలుకుంటే ఆరోగ్యం ఎలా చెడుతుందో పావుగంటసేపు ఉపన్యాసం ఇచ్చాను! "ఇక మీద ఫోను రాత్రిపూట మీ అమ్మ పెట్టెలో ఉండాలి" అని తీర్పు చెప్పాను. కుర్రవాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతను ఒక్కడే వచ్చాడు, చేతిలో ఒక నోటుపుస్తకం. "సార్, ఒక్క మాట అడుగుతా. ఫోన్ పొద్దుగాల నూటికి నూరు నిండి నాయిన చేతికి పోతున్నది. రాత్రి నేను సినిమా చూసినా, చూడకపోయినా, పొద్దున నిండుగనే ఉన్నది కద! మరి పగలు దిగిపోయేదానికి నా తప్పు ఎట్లయితది?" అన్నాడు.

పిల్లలూ, నాకు నోట మాట రాలేదు. నిండు కుండ ఇంటినుంచి బయలుదేరి, దారిలో ఖాళీ అయితే, చిల్లు ఇంట్లో వెతుకుతామా? ఇంత చిన్న తర్కం నాకు తోచలేదు! "కూర్చోరా బాబూ. తీర్పు రద్దు. ఇద్దరం కలిసి విచారిద్దాం" అన్నాను.

బాటరీలో ఏమున్నది?

విచారణ మొదలుపెట్టే ముందు బాటరీ సంగతి కొంచెం తెలుసుకోవాలి. మొట్టమొదటి బాటరీని 1800 లో ఇటలీ దేశపు వోల్టా అనే శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. రెండు లోహాల బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టాడు. మన ఫోనులో ఉండేది దానికి దూరపు మునిమనుమడు. దానిని లిథియం అయాన్ బాటరీ అంటారు. లిథియం లోహాలన్నిటిలోకీ తేలికైనది.

అది ఎలా పనిచేస్తుందో చెబుతాను. రెండు ఇళ్ళు ఉన్నాయనుకోండి. ఒక ఇల్లు గ్రాఫైటుతో కట్టినది. గ్రాఫైటు అంటే మీ పెన్సిలు ములుకులో ఉండే పదార్థమే. రెండవ ఇల్లు కోబాల్టు వంటి లోహపు ఆక్సైడుతో కట్టినది. రెంటికీ మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉన్నది. ఆ తలుపు గుండా చెప్పులతో పోకూడదని నియమం. లిథియం పరమాణువులు అనే పిల్లలు గ్రాఫైటు ఇంటినుంచి రెండవ ఇంటికి పోవాలని తహతహలాడుతూ ఉంటారు. చెప్పులు విడిచి తలుపుగుండా పోతారు. మరి చెప్పులో? అవి వీధి వెంట చుట్టూ తిరిగి రెండవ ఇంటికి చేరాలి. ఆ చెప్పులే ఎలక్ట్రానులు. అవి వీధి వెంట నడవడమే విద్యుత్ ప్రవాహం. ఆ వీధిలోనే మన ఫోను ఉన్నది. చెప్పులు దారిలో తెరను వెలిగించి, పాట పాడించి, కబురు మోసి, అప్పుడు రెండవ ఇంటికి చేరుతాయి. పిల్లలందరూ అవతలికి పోయారంటే బాటరీ అయిపోయిందన్న మాట. ఛార్జింగు పెట్టడమంటే వాళ్ళను బలవంతాన మొదటి ఇంటికి తిరిగి పంపడం.

ఇది ఒక్కరి తెలివి కాదు. 1970ల్లో విటింగాం అనే ఆయన లిథియం ఈ పని చేయగలదని చూపించాడు. 1980 లో గుడెనఫ్ ఆ కోబాల్టు ఇల్లు కట్టి బలం పెంచాడు. 1985 లో జపానుకు చెందిన యోషినో, ముడి లిథియం లోహం పెట్టకుండా, కర్బన పదార్థంతో మొదటి ఇల్లు కట్టి ప్రమాదం తగ్గించాడు. 1991 లో సోనీ కంపెనీ దాన్ని బజారులో పెట్టింది. ఈ ముగ్గురికీ కలిపి 2019 లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ గారికి 97 ఏళ్ళు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు ఆయనకు ముందు ఎవరూ లేరు. ఆయన నూరేళ్ళు నిండాక 2023 లో చనిపోయాడు. చదువుకు వయసు అడ్డం అనేవారికి ఆయన పేరు చెప్పండి!

ఇక లెక్క. మా కుర్రవాడి ఫోను అట్టపెట్టె మీద 5000 మిల్లీ ఆంపియర్ గంటలు అని ఉన్నది. అంటే 5 ఆంపియర్ గంటలు. ఈ బాటరీ వోల్టులు సుమారు 3.85. రెంటినీ హెచ్చవేస్తే 19 వాట్ గంటల పైచిలుకు వచ్చింది. మీ ఇంట్లో 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపాన్ని అది రెండు గంటలు వెలిగిస్తుంది. అంతే! ఫోను నిండా ఉన్న సంపద ఒక దీపానికి రెండు గంటల మేత మాత్రమే. దానితోనే రోజంతా గడపాలి. కాబట్టి చుక్క చుక్కకూ లెక్క ఉండాలి.

గోడనుంచి వచ్చే కరెంటులో కొంత వేడిగా వృథా అవుతుంది కాబట్టి, ఒకసారి నింపడానికి 25 వాట్ గంటలు అనుకోండి. వెయ్యి వాట్ గంటలు ఒక యూనిట్. ఒక యూనిట్‌తో ఎన్నిసార్లు నింపవచ్చు? నలభై సార్లు. రోజూ నింపినా ఏడాదికి తొమ్మిది యూనిట్లు. ఖర్చు కరెంటులో లేదు, బాటరీ ముసలిది కావడంలో ఉన్నది. ఎందుకంటే, రాకపోకలలో ప్రతిసారీ కొందరు లిథియం పిల్లలు తలుపు దగ్గర పేరుకునే పొరలో చిక్కుకుపోతారు, తిరిగి రారు. వేడి ఎక్కువైతే మరీ ఎక్కువమంది చిక్కుతారు. నాలుగేళ్ళ బాటరీ తన పాత బలంలో ముప్పావు వంతుకు దిగినా ఆశ్చర్యం లేదు.

విచారణ

మేము నాలుగు రోజుల పట్టిక గీశాము. గంట గంటకూ బాటరీ ఎంత ఉన్నదో రాయాలి. పగటి లెక్క తండ్రి రాయాలి. "నేను రాస్తనా సార్!" అని ఆయన మొదట నవ్వాడు గాని, సరుకుల చీటీల వెనుక శ్రద్ధగా రాసుకువచ్చాడు. లెక్క రాయడం ఆయన వృత్తే గదా.

మొదట రాత్రి సంగతి. పాఠం అయ్యాక పది గంటలకు 38, తెల్లవారుజామున నాలుగు గంటలకు 34. ఆరు గంటల్లో నాలుగు పాళ్ళు మాత్రమే తగ్గింది. రాత్రంతా ఎవరైనా బొమ్మలు చూస్తే ఇలా ఉంటుందా? ఉండదు. మరి పొద్దున వేడి మాట? ఆ సంగతి తల్లి తేల్చింది. "నల్లా నీళ్ళకు నాలుగింటికి లేస్త గద సార్. అప్పుడు ఛార్జింగ్ పెట్టేది నేనే. పిల్లలు తొక్కకుండ దుప్పటి మడతల పెడుత" అన్నది. ఛార్జింగులో వేడెక్కడం సహజం. ఆ వేడి దుప్పటిలో బయటికి పోలేదు. దాన్ని పట్టుకుని కొడుకును దోషి అన్నాడు తండ్రి. సాక్ష్యం నిజమే, దానికి చెప్పిన అర్థమే తప్పు. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇది ఒక్క ఫోనుకే పనికివచ్చే సంగతి కాదు.

ఇప్పుడు పగటి లెక్క. ఏడు గంటలకు 100, తొమ్మిదికి 81, పదకొండుకు 52, ఒంటిగంటకు 21. రెండుకు ఆరిపోయింది. గోదాములోకి వెళ్ళిన తరువాతే ఎక్కువగా దిగుతున్నది.

ఫోనులోనే ఒక చిట్టా ఉన్నది, పిల్లలూ. సెట్టింగులు తెరిచి, బాటరీ అన్నచోట నొక్కితే, ఏది ఎంత తిన్నదో చూపిస్తుంది. కుర్రవాడు తెరిచాడు. మొదటి స్థానం సినిమాకు కాదు, ఆటకు కాదు, మొబైల్ నెట్‌వర్కుకు! రెండవది తెర. మూడవది ఎప్పుడో ఎవరో ఎక్కించిన ఒక టార్చిలైటు యాప్. టార్చికి మనం ఎక్కడున్నామో ఎందుకు కావాలి? కాని అది మాటిమాటికీ మన ఉనికి అడుగుతూ ఫోనును నిద్రపోనివ్వడం లేదు.

నెట్‌వర్కు ఎందుకు అంత తిన్నది? గోదాము నాలుగు పక్కలా రేకు. పైన రేకు. రేడియో తరంగాలు లోహాన్ని దాటలేవు. టవరు మాట వినబడక ఫోను మాటిమాటికీ వెతుకుతుంది. తన మాట టవరుకు వినిపించడానికి గొంతు పెంచుతుంది. మీ స్నేహితుడు పక్కన ఉంటే గుసగుసలాడతారు; చెరువు అవతలి గట్టున ఉంటే గొంతు చించుకుంటారు గదా! 4జి ఫోను మహా అరిస్తే వాట్‌లో ఐదోవంతు శక్తిని గాలిలోకి పంపుతుంది. టవరు దగ్గరైతే దానిలో వేయోవంతుకన్నా తక్కువతో సరిపెట్టుకుంటుంది. ఆ ఐదోవంతును పుట్టించడానికి లోపల అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. మన తండ్రిగారి ఫోను రోజంతా రేకుల షెడ్డులో గొంతు చించుకుంటున్నది. చొక్కా జేబులో, దేహం వేడి పక్కన!

"గోదాములో ఎక్కడైనా సిగ్నలు ఉంటుందా?" అని అడిగాను.

"వాకిలి దగ్గర రెండు గీతలు కనపడుతయి సార్."

"అయితే ఫోను అక్కడ పెట్టు. ఎండ తగలకుండా చూడు."

ఆయన రెండు రూపాయలు పెట్టి ఒక మేకు కొన్నాడు. వాకిలి లోపలివైపు, తన బల్లకు పది అడుగుల దూరంలో చెక్కకు కొట్టి, ఇల్లాలు కుట్టిన గుడ్డసంచి తగిలించాడు. ఫోను అందులో. మోగితే వినబడుతుంది. టార్చి యాప్ తీసివేశాము. తెర వెలుతురు తగ్గించాము. మర్నాడు రెండు గంటలకు ఎంత ఉన్నదో ఊహించండి. యాభై ఎనిమిది! సాయంకాలం ఇంటికి వచ్చినప్పుడు నలభై ఒకటి.

ఫోను లోపలి మేస్త్రీలు

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. మొదటి రోజే కుర్రవాడి నోటుపుస్తకంలో ఒక వరస చూచాను: "మొదట బూట్‌లోడర్ తాళం తీయాలి. పాత సిస్టం తీసి కొత్త సిస్టం ఎక్కించాలి." తన మాట ఎవరూ నమ్మలేదన్న పంతంతో ఆ రాత్రే తండ్రి ఫోను లోపలి వ్యవస్థనంతా మార్చేయాలని అనుకున్నాడట. కొత్త వ్యవస్థ ఎక్కిస్తే బాటరీ ఎక్కువ ఆగుతుందని ఎవరో చెప్పారు.

తెలివైన ఆలోచనే. అందులో నిజం లేకపోలేదు. ఫోను అంటే యంత్రం ఒక్కటే కాదు, దాన్ని నడిపే ఆజ్ఞల కట్ట కూడా. దాన్నే సాఫ్ట్‌వేర్ అంటారు. సోనీ బాటరీ బజారుకు వచ్చిన 1991 లోనే ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే ఆజ్ఞల కట్టను రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అప్పుడు అతనికి 21 ఏళ్ళు. దాని మీద కట్టినదే ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్‌తో నడిచే మొదటి ఫోను 2008 లో వచ్చింది. 2014 లో వచ్చిన ఐదవ ఆండ్రాయిడ్‌లో తెలుగు చేరింది. బాటరీ పొదుపు కోసం అందులో చేసిన పనికి ఏమని పేరు పెట్టారో తెలుసునా? వోల్టా! మన 1800 నాటి తాతగారి పేరే. 2015 లో ఆరవ ఆండ్రాయిడ్, ఫోను బల్లమీద కదలకుండా పడి ఉంటే దాన్ని కునుకు తీయించడం నేర్చింది. నడుమ నడుమ కాస్త లేచి, వచ్చిన కబుర్లు చూచి, మళ్ళీ పడుకుంటుంది.

అదే 2015 లో మా చుట్టుపక్కల కూడా ఫోనుల సందడి మొదలైంది. హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ వారు మా మేడ్చల్‌లో ఫోనులు కూర్చే కర్మాగారం తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో కూర్చిన రెడ్మీ 2 ప్రైం విశాఖపట్టణంలో విడుదలైంది. దాని వెల 6,999 రూపాయలు, బాటరీ 2200 మిల్లీ ఆంపియర్ గంటలు. ఇప్పుడు అదే వెలకు దానికి రెట్టింపుకు మించిన బాటరీ వస్తున్నది. అయినా మధ్యాహ్నానికి ఆరిపోతున్నదంటే, తప్పు ఎంతసేపూ బాటరీదే కాదని తెలియడం లేదూ?

ఆండ్రాయిడ్ ఆజ్ఞలలో చాలా భాగం ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అందువల్ల ఔత్సాహికులు కొందరు కంపెనీలు వదిలేసిన పాత ఫోనులకు తామే కొత్త వ్యవస్థలు కూర్చిపెడుతున్నారు. 2016 లో మొదలైన లీనియేజ్ ఓఎస్ అటువంటిదే. అక్కరలేని యాప్‌లు లేకపోవడం వల్ల కొన్ని పాత ఫోనులకు ప్రాణం లేచివస్తుంది. మన పాత ఇంటిని మనమే మరమ్మతు చేసుకున్నట్టు!

కాని మేస్త్రీ పని తెలియకుండా ఇంటి స్తంభం తీయకూడదు. "మీ ఫోనులో నీకు అన్నిటికంటే విలువైనది ఏమిటి?" అని ఆ కుర్రవాణ్ణి అడిగాను. అతను కొంచెంసేపు ఆలోచించి, "తాత వీడియో సార్" అన్నాడు. తాత పోయి రెండేళ్ళయింది. ఆయన మనుమణ్ణి పిలుస్తూ నవ్వే రెండు నిమిషాల బొమ్మ ఆ ఫోనులో తప్ప మరెక్కడా లేదు. నాయనమ్మ రోజూ దీపం పెట్టాక దాన్ని ఒకసారి చూస్తుంది.

"బూట్‌లోడర్ తాళం తీస్తే, ఫోనులో ఉన్న సమస్తమూ చెరిగిపోతుంది. ఆ సంగతి తెలుసునా?" అన్నాను.

కుర్రవాడి ముఖం పాలిపోయింది. అతనికి తెలియదు! దొంగ ఎవరూ తాళం తీసి లోపలివి చదవకుండా, ఫోను చేసినవారే ఆ ఏర్పాటు పెట్టారు. ఆ రాత్రి అతను అనుకున్న పని చేసి ఉంటే, తాతగారు రెండోసారి వెళ్ళిపోయేవారు.

ముందుగా ఆ వీడియోను మా కంప్యూటరులోకీ, ఒక మెమరీ కార్డులోకీ, వాళ్ళ మేనమామ ఫోనులోకీ నకలు చేశాము. తరువాత నా పాత ఫోను ఒకటి అతనికి ఇచ్చాను. "దీనితో నీ ఇష్టం వచ్చిన ప్రయోగం చెయ్యి. చెడినా ఎవరి పనీ ఆగదు" అన్నాను. మూడు ఆదివారాలు కూర్చున్నాము. మొదటి ఆదివారం ఫోను కంపెనీ గుర్తు దగ్గర ఆగిపోయి ముందుకు కదలలేదు. రెండవ ఆదివారం పాత వ్యవస్థనే తిరిగి ఎక్కించడం నేర్చుకున్నాము. మూడవ ఆదివారం కొత్తది నడిచింది. ఊరకే పడి ఉంటే రెండు రోజులు ఆగుతున్నది. కాని కెమేరా పనిచేయలేదు! కెమేరాతో మాట్లాడే ఆజ్ఞలు తయారీదారు దగ్గరే ఉండిపోయాయి. పైగా బాంకు యాప్‌లు కొన్ని, తాళం తీసిన ఫోనులో నడవమని మొండికేస్తాయి. జీతం కబురు వచ్చే ఫోనుకు అది తగునా? మీరే ఆలోచించండి.

ఏది నిజం, ఏది పుకారు?

ఈ మధ్య పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలు కొన్ని, జవాబులతో చెబుతాను.

నల్లని తెర పెడితే బాటరీ మిగులుతుందా? ఫోనును బట్టి. ఓలెడ్ తెరలో చుక్క చుక్కా ఒక దీపం. నల్లగా ఉన్నచోట దీపం ఆరి ఉంటుంది, కాబట్టి మిగులుతుంది. చవక ఫోనులలో చాలావాటికి ఎల్.సి.డి. తెర ఉంటుంది. దాని వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు అంటే ఆ దీపానికి అడ్డం పెట్టిన తెరచాప మాత్రమే. అటువంటి ఫోనులో రంగు మారిస్తే లాభం దాదాపు లేదు, వెలుతురు తగ్గిస్తేనే లాభం.

యాప్‌లను మాటిమాటికీ తోసివేయాలా? అక్కరలేదు. మళ్ళీ తెరిచినప్పుడు మొదటినుంచీ లేపడానికి ఎక్కువ ఖర్చవుతుంది. చిట్టాలో ఎక్కువ తింటున్నట్టు కనబడినదాన్ని మాత్రమే కట్టడి చేయండి. బాటరీని కాపాడుతామని చెప్పుకునే యాప్‌లతోనూ జాగ్రత్త. కాపలాదారు కూడా అన్నం తింటాడు.

పూర్తిగా అయిపోయాకే నింపాలా? అది పాత నికెల్ బాటరీల నాటి అలవాటు. లిథియం బాటరీ పూర్తిగా ఎండిపోవడాన్నీ ఇష్టపడదు, పూర్తిగా నిండి వేడిలో కూర్చోవడాన్నీ ఇష్టపడదు. ఇరవైకి, ఎనభైకి మధ్య తిరిగితే ఎక్కువ కాలం బ్రతుకుతుంది. అవసరమైన రోజున నూరు నింపుకోండి, తప్పు లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఛార్జింగులో ఉన్న ఫోనును దిండు కింద, దుప్పటి మడతలో పెట్టకండి. చదునైన బల్లమీద పెట్టండి. ఫోను వీపు ఉబ్బినట్టు కనబడితే, అది బాటరీ లోపల వాయువు పుట్టిందని హెచ్చరిక. నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగు పెట్టకండి. తెలిసినవారి చేత మార్పించండి. పాత బాటరీని చెత్తబుట్టలో వేయక, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికి ఇవ్వండి. ఇంట్లో ప్రియమైన బొమ్మలూ, గొంతులూ ఒక్క ఫోనులోనే ఉంటే ఈ రోజే రెండవచోట నకలు పెట్టండి.

ఇంకొక మాట. పట్టిక పూర్తయిన సాయంకాలం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి ఎదుట, నాయనమ్మ ఎదుట, "అబ్బాయి తప్పు లేదు. విచారించకుండా తీర్పు చెప్పడం నాది తప్పు" అన్నాను. కుర్రవాడు సిగ్గుపడి లోపలికి పారిపోయాడు. తండ్రి ఏమీ అనలేదు. కాసేపటికి కొడుకును పిలిచి, ఫోను చేతికిచ్చి, "పాఠం చూసుకో బిడ్డా" అన్నాడు. నాయనమ్మ, "ముందు మీ తాతను చూపియ్యిరా" అన్నది.

మీరు చేయవలసినది

మీ ఇంట్లో పెద్దల అనుమతితో ఒక పట్టిక గీయండి. ఫోనును ఒక రాత్రి సిగ్నలు బాగా ఉన్న గదిలో, మరొక రాత్రి సిగ్నలు తక్కువ ఉన్న గదిలో ఉంచండి. రెండు రాత్రులూ ఛార్జింగు తీసి, తెర ఆర్పి, అదే గంటకు మొదలుపెట్టి అదే గంటకు ముగించండి. ఎంత తగ్గిందో రాయండి. రెండు రాత్రులకూ తేడా ఒక్కటే ఉండాలి. రెండు తేడాలు ఉంటే ఏది కారణమో చెప్పలేము.

ఈ నెల ప్రశ్న: ఒక పవర్ బాంకు మీద 10,000 మిల్లీ ఆంపియర్ గంటలు అని రాసి ఉన్నది. దానితో 5000 ఫోనును రెండుసార్లు పూర్తిగా నింపాలని చూస్తే, రెండోసారి మధ్యలోనే అయిపోయింది. పవర్ బాంకు కొత్తది, మోసం లేదు. మరి మిగిలినది ఎక్కడికి పోయింది? ఆలోచించండి. ఛార్జింగులో ఉన్న పవర్ బాంకును ఒకసారి చేతితో తాకితే సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం వచ్చే నెల.

మీ
హెడ్మాష్టరు